చెక్క ఆరబెట్టే సోలార్ గదికి ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: రాజమహేంద్రవరం దగ్గర పల్లెలో వడ్రంగం పని. హైదరాబాద్ ఫ్లాట్లకు తలుపులు, మంచాలు చేసి పంపుతాను. ఏసీ గదుల్లో అతుకులు విడుతున్నాయని ఫోన్లు వస్తున్నాయి. ఎండిన చెక్క కొంటే పచ్చిదానికన్నా ఘనపు అడుగుకు 300 ఎక్కువ పెడుతున్నాను. కరెంటు అవసరం లేని సోలార్ కిల్న్ (ఎండ వేడితో ఆరబెట్టే గది) కట్టి చెక్క నేనే ఆరబెడదామనుకుంటున్నాను. బ్యాటరీలతో కలిపి 2.8 లక్షలకు కొటేషన్ ఇచ్చారు, 78 వేల సబ్సిడీ కూడా వస్తుందన్నారు. నా దగ్గర 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు.

జవాబు: ముందు ఆ సబ్సిడీ సంగతి. 78 వేలు ఇచ్చేది సూర్యఘర్ పథకం. అది గ్రిడ్‌కు, అంటే కరెంటు లైనుకు కలిపిన ఇంటి కప్పు ప్యానెళ్లకే. మీ గదికి రాదు, లెక్కలోంచి తీసేయండి.

తర్వాత బ్యాటరీలు. చెక్కను ఆరబెట్టేది ఎండ వేడి, ప్యానెల్ కాదు. ప్యానెల్ పని ఫ్యాన్లు తిప్పడం వరకే. రెండు చిన్న డీసీ ఫ్యాన్లకు 100-150 వాట్ల ప్యానెల్ నేరుగా కలిపితే ఎండ రాగానే తిరుగుతాయి, పొద్దు గూకితే ఆగుతాయి. ఆగడమే మంచిది కూడా. రాత్రి గది చల్లబడినప్పుడు చెక్క లోపలి తేమ పైకి సర్దుకుంటుంది, ఒత్తిడి తగ్గి బీటలు తక్కువ పడతాయి. వడియాలను కూడా రాత్రి లోపల పెట్టి తెల్లారి మళ్లీ ఎండలో వేస్తాం కదా! 60 ఘనపు అడుగుల అంగుళం పలకలకు దక్షిణం వైపు వాలిన 70-80 చదరపు అడుగుల పారదర్శక కప్పు, లోపల నల్ల రేకు, గాలి పోయే కిటికీలు చాలు. మీ పనితనంతో 1.2 లక్షల్లో అయిపోవాలి.

ఇక రాబడి. ఎండిన చెక్కకు ఘనపు అడుగుకు 300 ఎక్కువ పెడుతున్నానని రాశారు. గదిలో ఒకసారి పట్టే 60 ఘనపు అడుగుల లోడుకు 18 వేలు. అదంతా మిగలదు. పచ్చి చెక్క 900 చొప్పున 54 వేలవుతుంది. వంగినవి, పగిలినవి పదో వంతు అనుకుంటే 5,400 పోతుంది. మధ్యన బద్దలు పెట్టి పేర్చి దించే కూలి 2 వేలు. చేతికొచ్చేది 10,600. వానాకాలం తీసేస్తే ఏడాదికి ఐదు లోడ్లు, అంటే 53 వేలు. 1.2 లక్షలు రెండేళ్ల మూడు నెలల్లో తిరిగొస్తాయి. 2.8 లక్షలైతే ఐదేళ్లు దాటుతుంది, ఆలోగా బ్యాటరీలు మార్చాల్సి రావచ్చు. ఐదు లోడ్లకు సరిపడా ఆర్డర్లు లేకపోతే ఈ లెక్క మొత్తం తప్పు.

ఎఫ్‌డీ మాత్రం రద్దు చేయకండి. ఆరు నెలల ఇంటి ఖర్చే 1.8 లక్షలు, అది ముట్టుకోకూడని డబ్బు. వడ్రంగులు పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్నారు. శిక్షణ అయ్యాక తొలి విడత లక్ష వరకు 5 శాతం వడ్డీకి, 18 నెలల గడువుతో, హామీ లేకుండా ఇస్తారు. మీ ఎఫ్‌డీ వడ్డీ 5 శాతం కన్నా ఎక్కువైతే ఈ అప్పే లాభం. ఐదేళ్లలో ఇలాంటి స్వయం ఉపాధి అప్పు తీసుకుని ఉండకూడదు. ముద్ర అప్పు పూర్తిగా తీర్చేసి ఉంటే ఫరవాలేదు. వాయిదా నెలకు సుమారు 5,800. గది మిగిల్చేది నెలకు 4,400. ఆ 1,400 తేడా ఏడాదిన్నర పాటు మీ మామూలు సంపాదనలోంచి పోవాలి. అది భరించగలరా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

మిగతా 20 వేలకు, తొలి లోడు చెక్కకు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ హామీతో కావలసినంత వాడుకునే అప్పు) తీసుకోండి. వడ్డీ ఎఫ్‌డీ రేటుకన్నా ఒకటి రెండు శాతం ఎక్కువుంటుంది, కానీ వాడుకున్న రోజులకే. మీరు మర్చిపోయిన ఖర్చు కూడా ఇదే: చెక్క గదిలో ఉన్న నాలుగు నుంచి ఎనిమిది వారాలు 54 వేలు కదలకుండా ఇరుక్కుంటాయి.

వీటన్నిటికన్నా ముందు రెండు మూడు వేలు పెట్టి తేమ కొలిచే మీటర్ కొనండి. ఇప్పుడు మీ షెడ్డులో ఉన్న చెక్కను కొలవండి. గోదావరి గాలికి 15 శాతం చుట్టుపక్కల చూపిస్తే గది అవసరమే, ఏసీ గదుల ఫర్నిచర్‌కు 8-10 దాకా దించాలి. ఇప్పటికే 10 చూపిస్తే అతుకులు విడటానికి కారణం చెక్క కాదు. అప్పుడు ఒక్క రూపాయి కూడా పెట్టకండి.