గోపురమంత కండక్టరమ్మ బొమ్మ ఎలా వేయించాలి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మా పిన్ని కూతురు ‘నింగి’ అని ఒక సూపర్‌హీరోయిన్‌ని ఊహించుకుని కథలు రాస్తోంది. నింగి మామూలప్పుడు ఆర్టీసీ బస్సులో కండక్టర్. ఆపద వచ్చిందంటే గోవిందరాజస్వామి గుడి గోపురమంత ఎత్తు పెరుగుతుంది. ఆ కథలకు మొదటి ఫ్యాన్‌ని నేనే. చెల్లి పుట్టినరోజుకి నింగి బొమ్మ వేయించి, ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలని ఉంది. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక ఆర్టిస్టు ఆరు వేలు అడిగారు, సగం అడ్వాన్సు. ‘డిటైల్స్ పంపండి’ అన్నారు. ఏం పంపాలో తెలియక టెన్షన్‌గా ఉంది. చెల్లికి చెప్పకుండా వేయించవచ్చా? చివరికి ఆ బొమ్మ ఎవరిదవుతుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మాయ్, ఫ్లెక్సీలు రాకముందు ఈ ఊళ్లో సినిమా హాళ్ల ముందు కటౌట్లు గీసి బతికినవాణ్ణి నేను. సరైన మనిషినే అడిగావు. స్టిల్ ఫోటో మీద గళ్లు కొట్టుకుని, ప్లైవుడ్ మీద అవే గళ్లు పెద్దవిగా కొట్టి, కాళ్లు ఒక ముక్క, నడుము ఒక ముక్క, తల ఒక ముక్కగా గీసి, సవక కట్టెలకు బిగించి నిలబెట్టేవాళ్లం. అక్కడ హీరో ఎంత పెద్దవాడో చూపించేది మా కుంచె కాదు, కింద టికెట్ల కోసం తోసుకునే జనం. నీ బొమ్మకి ఆ జనం ఉండరు. కాగితం మీద ఆడమనిషి ఒక్కతే నిలబడి ఉంటే ఆమె ఐదడుగులో యాభై మీటర్లో ఎవరు చెప్పగలరు? అందుకని నింగి ఎలా ఉంటుందో నాలుగు ముక్కల్లో చెప్పి, నింగి పక్కన ఏమేం ఉంటాయో వివరంగా పంపు.

ముందు కొలత తేల్చుకో. గోవిందరాజస్వామి గుడి బయటి గోపురం ఏడంతస్తులు, ఎత్తు సుమారు 50 మీటర్లు. ఐదున్నర అడుగుల అమ్మాయి 30 రెట్లు పెరిగితే 165 అడుగులు, అంటే ఇంచుమించు గోపురమంతే. ఈ 30 గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా కొలతలన్నీ దాన్నుంచే వస్తాయి. పాదం పొడవు దాదాపు 25 అడుగులు అవుతుంది. ఆర్టీసీ బస్సు దాదాపు 36 అడుగులు. అంటే ఆమె కాలి పక్కన బస్సు ఆపితే ఇంకా బస్సే పొడవు. అరచేతిలో ఆటో సరిగ్గా పడుతుంది, బస్సు పట్టదు, రెండు పక్కలా బయటికి వచ్చేస్తుంది. ఈ లెక్క రాసి ఇవ్వకపోతే ఆర్టిస్టు ఒక మూల బస్సుని అగ్గిపెట్టెంత గీస్తాడు, ఇంకో మూల ఆమె మోకాలంత ఎత్తున గీస్తాడు. చూసేవాళ్లకి తప్పెక్కడుందో తెలియదు గానీ నమ్మకం మాత్రం పోతుంది.

తరవాత చూపు ఎక్కడి నుంచి అనేది. గాంధీ రోడ్డులో నిలబడి చూసే మనిషి కంటి ఎత్తు ఐదడుగులనుకో. ఆ ఎత్తున బొమ్మకి అడ్డంగా ఒక గీత లాగితే వీధిలో నిలబడ్డ వాళ్లందరి కళ్ల మీదుగా పోతుంది. నింగి దగ్గరికి వచ్చేసరికి అదే గీత చీలమండ దగ్గర తగలాలి. మోకాళ్ల దగ్గర తగిలిందంటే చూసేవాడు నాలుగంతస్తుల మేడ మీద ఉన్నట్టు లెక్క. అలా గీసినా బాగుంటుంది, ముందే చెప్పాలి అంతే. కింది నుంచి చూస్తున్నట్టయితే పాదాలు పెద్దవి, తల చిన్నది రావాలి. కటౌట్లలో మేం దీనికి ఎదురు చేసేవాళ్లం. రోడ్డు మీది అభిమానికి హీరో ముఖం కనపడాలని తల కాస్త పెంచి గీసేవాళ్లం. నింగికి ఆ పని చేశారంటే ఆవిడ 165 అడుగుల మనిషి కాదు, దగ్గరగా పెట్టిన బొమ్మలాగా ఉంటుంది.

కింది నుంచి చూడటం అన్నాం కాబట్టి బట్టల సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఇలాంటి పాత్రల బొమ్మలు అడిగేవాళ్లలో కొందరి ఉద్దేశం వేరే ఉంటుంది, ఆర్టిస్టులకూ అది అలవాటే. నువ్వు చెప్పకపోతే వాళ్ల చేయి అటే పోతుంది. ఖాకీ కోటు కింద చుడీదారా, ప్యాంటా అన్నది ఖాయం చెయ్. చీరే కావాలంటే కచ్చ పోసి కట్టినట్టు గీయమను. నింగి వయసు ఇరవై దాటిందని కూడా రాసి పంపు. ఇంకో సంగతి మీ చెల్లినే కనుక్కోవాలి: ఒళ్లు పెరిగినప్పుడు టికెట్ల బ్యాగు, మిషన్, విజిల్ కూడా పెరుగుతాయా? పెరగవంటే మెడలో విజిల్ వడ్లగింజంత కూడా కనపడదు. పెరుగుతాయంటే ఆ విజిల్ ఊదితే చంద్రగిరి దాకా వినపడాలి. ఏదైనా పరవాలేదు, కథలో ఉన్నదే బొమ్మలో ఉండాలి.

ఆర్టిస్టు మన వైపు మనిషి కాకపోతే ఒక జాగ్రత్త. భారీ ఆడరూపం అనగానే పసుపు ముఖం, పెద్ద కళ్లు, చాచిన నాలుక పెట్టి దేవతను చేసేస్తారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర్లో గుడి ముందు మట్టితో విశ్వరూపం చేస్తారు, తెల్లవారుజామున చెంప నరికి ఆ మట్టి జనానికి పంచుతారు. అది అమ్మవారు. నింగి ‘రైట్ రైట్’ అనే పిల్ల, ముఖంలో చిరాకు, చెమట, నవ్వు ఉండాలి. అలాగే గోపురాన్ని కొలత కోసం వెనక పెట్టుకో గానీ ఆమె కాలు దాని వైపు పోకూడదు, చేయి దాని మీద ఆనకూడదు. ఇది తిరుపతి, తల్లీ.

బరువు మాట మర్చిపోతున్నా. ఎత్తు 30 రెట్లయితే బరువు 30 రెట్లు కాదు, 27,000 రెట్లు. 55 కిలోల పిల్ల దాదాపు 1,485 టన్నులవుతుంది. జంతువు అదే పోలికతో ఊరికే పెరిగిపోలేదని, ఎముకలు ఇంకా లావెక్కాలని 1638లోనే గెలీలియో రాశాడు. సూపర్‌హీరోయిన్ కాబట్టి ఎముకల సంగతి వదిలేద్దాం గానీ, ఆమె నిలబడిన చోట తారు రోడ్డు కుంగాలి, అంచులు పైకి లేవాలి. పైన కేబుల్ వైర్లు తెగి వేలాడితే ఇంకా మంచిది. లీలామహల్ సర్కిల్‌లోనో బస్టాండ్ బయటో సాయంత్రం ఎండలో నీ ఫోన్‌తో ఫోటోలు తీసి పంపు. వెనక శేషాచలం నీలంగా కనపడాలి.

ఇప్పుడు ఆరు వేల సంగతి. అది మనిషికా, వీధితో సహానా అని అడుగు. చాలామంది ఆర్టిస్టులు ఫుల్ బాడీకి ఒక రేటు చెప్పి, బ్యాక్‌గ్రౌండ్‌కి వేరే తీసుకుంటారు. నీ బొమ్మలో వీధే అసలు పని. ఆ డబ్బుకి వీధి రాకపోతే ఇంకో వెయ్యి ఎక్కువైనా వీధి గీయించు, ముఖంలో మెరుపులూ షేడింగూ తగ్గించుకో. మార్పులు పెన్సిల్ స్కెచ్ దగ్గరే చెప్పెయ్. రంగులు వేశాక ‘కొంచెం ఇంకా పెద్దగా’ అంటే మొత్తం మళ్లీ గీయాలి. ఫ్రేమ్ ఏ3 సైజయితే 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) 3508 × 4961 పిక్సెళ్ల ఫైల్ ఇవ్వమని ముందే రాయి. ఫోన్‌కి వచ్చిన వాట్సాప్ బొమ్మను ప్రింటుకిస్తే మసకే.

చెల్లికి చెప్పకపోవడం గురించి. ఇంట్లో గోడకి తగిలించే బహుమతి, సర్‌ప్రైజ్ అయితే తప్పు లేదు. కానీ ఆ పిల్ల ఎక్కడా వేయని కథల్ని ముక్కూ మొహం తెలియని వాడికి పంపకు. రూపం వర్ణన చాలు. చెల్లి సరేననే దాకా బొమ్మను తన పేజీలో పెట్టవద్దని ఆర్టిస్టుతో మాట తీసుకో. పెద్దగా పెరిగే ఆడమనిషి అనే ఊహ ఎవరి సొత్తూ కాదు. ఊహకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. కానీ కండక్టర్ నింగి, ఆ కథలు మీ చెల్లివే. నువ్వు డబ్బిచ్చినంత మాత్రాన అవి నీవి కావు.

బొమ్మ వరకైతే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకుండా డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగ్‌కి గీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారు. కానీ ఆర్టిస్టుల షరతుల్లో ‘హక్కులు నావే, మీరు సొంతానికి వాడుకోవచ్చు’ అని తరచూ ఉంటుంది. దానికి ఒప్పుకున్నావంటే అదే చెల్లుతుంది. కంప్యూటర్లో గీసింది పెయింటింగా డ్రాయింగా అని లాయర్లు వాదించుకునే అవసరం లేకుండా రాతలో పెట్టుకో. రేపు చెల్లి పుస్తకం వేస్తే అట్టమీద వాడుకోవచ్చా అన్నది కూడా అందులో ఉండాలి. హక్కులు రాయించుకునే కాగితంలో గడువు వేయకపోతే 5 ఏళ్లకే అనీ, ప్రాంతం వేయకపోతే మన దేశం వరకే అనీ సెక్షన్ 19 చెబుతుంది. హక్కులన్నీ మీకే వచ్చినా సంతకం చెరపొద్దు. గీసినవాడి పేరు గీసినవాడిదే.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. డిజిటల్ బొమ్మలు ఆర్డర్ల మీద గీస్తుంటాను. ఒకాయన భారీ సూపర్‌హీరోయిన్, తన సొంత పాత్ర అని ఆర్డర్ ఇచ్చారు. స్కెచ్ ఓకే చేశాక, ఆఫీసులో తనతో పనిచేసే ఒకావిడ ఫోటో పంపి ముఖం ఇలాగే ఉండాలి, బట్టలు తగ్గించు అంటున్నారు. అడ్వాన్సు తీసేసుకున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: గీయొద్దు నాయనా. ఫోటో వచ్చిందంటే అది ఇక సొంత పాత్ర కాదు, ఆవిడకి తెలియకుండా ఆవిడ బొమ్మ. ఆవిడ చూస్తే ఏమనుకుంటుందో నీకూ తెలుసు, అందుకే నన్ను అడిగావు. ‘నిజమైన మనుషుల ముఖాలు వాళ్ల అనుమతి లేకుండా గీయను’ అని ఒక్క ముక్కలో రాసి పంపు, బతిమాలొద్దు, వాదించొద్దు. స్కెచ్ వరకు చేసిన పనికి ఎంతవుతుందో అంత ఉంచుకుని మిగతాది అదే రోజు ఫోన్‌పేలో వెనక్కి వేసెయ్. ఇక మీదట ఈ షరతు నీ రేట్ల పట్టీలోనే పై వరసలో పెట్టు. ఆవిడ ఫోటో డిలీట్ చేసెయ్, ఆయన పంపిన మెసేజీలు మాత్రం ఉంచుకో. రేపు డబ్బు తిన్నావని అంటే చూపించడానికి అవే పనికొస్తాయి.