ఎన్‌వీఎంఈ డ్రైవరు ఉన్నా కెర్నల్‌కు రూట్ డిస్కు కనబడకపోతే

మీరు అడిగింది: సొంతంగా బిల్డ్ చేసిన లినక్స్ కెర్నల్ రూట్ (సిస్టమ్ ఉన్న డిస్కు) దొరకలేదంటూ పానిక్ అవుతోంది, అంటే బూట్‌లోనే ఆగిపోతోంది, ఎన్‌వీఎంఈని (ఎస్‌ఎస్‌డీ డ్రైవరును) కెర్నల్ లోపలే బిల్డ్ చేశాను, మరి బస్ (పరికరాలను కలిపే దారి) ఆప్షన్లలో ఏం మిగిలింది?

మీది 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ముందు వీఎండీ (ఇంటెల్ స్టోరేజీ కంట్రోలరు) చూడండి. బయాస్‌లో అది ఆన్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీ మామూలు పీసీఐ బస్సు మీద కనబడదు, వీఎండీ కంట్రోలరు వెనకాల ఉంటుంది. దాని డ్రైవరు లేకపోతే ఎన్‌వీఎంఈ డ్రైవరుకు పట్టుకోవడానికి డిస్కే ఉండదు. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది.

మీ డిస్ట్రోతో (లినక్స్ పంపిణీతో) వచ్చిన కెర్నల్‌తో బూట్ చేసి 'ఎల్ఎస్‌పీసీఐ -కె' కొట్టండి. ఎస్‌ఎస్‌డీ అడ్రసు 0000 బదులు 10000తో మొదలైతే వీఎండీయే. ప్రతి పరికరం కింద వాడుకలో ఉన్న డ్రైవరు పేరు కూడా వస్తుంది. ఏది ఉంచాలో చెప్పే జాబితా అదే, నేను మాత్రం దాన్ని తప్ప ఏ గైడునూ నమ్మను. చాలా గైడ్లు పీసీఐ అంతా 'బస్ ఆప్షన్స్' మెనూలో ఉందంటాయి. కెర్నల్ 5.0 నుంచి అందులో ఎక్కువ భాగం 'డివైస్ డ్రైవర్స్' కింద 'పీసీఐ సపోర్ట్'లోకి మారింది. వీఎండీ ఉండేది అక్కడే, కంట్రోలర్ డ్రైవర్లలో.

అక్కడా కనబడకపోతే ఎంఎస్ఐ (పరికరాలు సందేశాల రూపంలో ఇంటరప్ట్‌లు, అంటే ప్రాసెసరుకు పిలుపులు, పంపే పద్ధతి) ఆప్షన్ను తీసేసి ఉంటారు. వీఎండీ దాని మీద ఆధారపడుతుంది. ఆధారం లేని ఆప్షన్ను మెనూ అసలు చూపించదు, అందుకే మనం వెతికి వెతికి విసిగిపోతాం. మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ ఆప్షన్ల మెనూలో) స్లాష్ నొక్కి పేరు వెతికితే అది దేని మీద ఆధారపడిందో చెబుతుంది. ఎంఎస్ఐని ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి. వీఎండీ లేని మెషీన్లో కూడా అది లేకపోతే ఎన్‌వీఎంఈ ఒక్క ఇంటరప్ట్‌తోనే నెట్టుకురావాలి.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్) వాడకపోతే వీఎండీ, ఎన్‌వీఎంఈ, రూట్ ఫైల్‌సిస్టమ్ మూడూ 'వై' (కెర్నల్ లోపలే) కావాలి. 'ఎం' (విడి మాడ్యూల్) పెడితే ఆ మాడ్యూల్ ఉండేది ఇంకా తెరుచుకోని డిస్కులోనే.

ఎంఎంకాన్ఫిగ్ (పీసీఐ సెట్టింగులను మెమరీ ద్వారా చదివే పద్ధతి) కూడా ఉంచండి, అది లేకపోతే ఒక్కో పరికరానికి ఉండే 4096 బైట్ల కాన్ఫిగ్ స్పేస్‌లో మొదటి 256 మాత్రమే అందుతాయి. థండర్‌బోల్ట్ డాక్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ హాట్‌ప్లగ్ కావాలి. పీసీ కార్డ్ స్లాటు మీకు లేదు, దాని ఆప్షన్ను నిశ్చింతగా తీసేయండి. కాన్ఫిగ్‌ను తనంతట తానే తగ్గించే 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' కమాండు వాడేటట్టయితే డాక్, యూఎస్‌బీ పరికరాలు అన్నీ తగిలించాకే నడపండి. ఆ క్షణంలో లోడ్ కాని మాడ్యూళ్లను అది తీసేస్తుంది.

బయాస్‌లో వీఎండీని ఆపేయమని కొందరు చెబుతారు. పక్కన విండోస్ కూడా ఉంటే అలా చేయకండి, వీఎండీతో ఇన్‌స్టాల్ అయిన విండోస్ బూట్ కాకపోవచ్చు.