రంగుల పెట్టె పక్కన పెట్టి పలక తీయండి

ప్రశ్న: బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వయసు 61. మాది ఒంగోలు. పగలంతా ఫోన్ చూస్తూ కూర్చుంటాను, లేదంటే వంటింట్లోకి వెళ్లి కూరలకు వంకలు పెడతాను. దాంతో మా ఆవిడకూ నాకూ రోజూ గొడవే. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాణ్ని. మొన్న 4,000 రూపాయలు పెట్టి అక్రిలిక్ రంగులు, కాన్వాసులు కొన్నాను. వారానికే విసుగొచ్చింది. డబ్బు దండగ అంటోంది ఆవిడ. నాకిక ఏదీ అబ్బదా?

జవాబు: అబ్బుతుందండీ. ఎత్తుకున్న చోటే పొరపాటు జరిగింది. ఖరీదైన కాన్వాసు ముందు కూర్చుంటే గీత తప్పుతుందేమోనన్న జంకు చేతిని ఆపేస్తుంది. పైగా అక్రిలిక్ పల్చగా పూస్తే నిమిషాల్లో ఎండిపోతుంది, ఎండాక నీళ్లకు కరగదు. ఇన్నేళ్ల తర్వాత బ్రష్ పట్టిన చేతికి అంత తొందర పనికిరాదు.

రాతి పలక, బలపాలు కొనండి. మార్కాపురం పలకలు వాడి పెరిగిన తరమే కదా మీది. రేకు పలకల మీద బలపం జారుతుంది, రాయి పట్టుకుంటుంది. రోజూ సాయంత్రం 4 నుంచి 40 నిమిషాలు, వరండాలో, ఫోన్ లోపల పెట్టి కూర్చోండి. పక్కనుంచి వెలుతురు పడేలా ఒక చెంబు పెట్టుకోండి. పది రోజులూ అదే చెంబు. బలపాన్ని పడుకోబెట్టి, వెలుతురు పడిన చోట మాత్రమే రుద్దండి, నీడను నల్లగా వదిలేయండి. తప్పితే తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ గీయాలి. తడి మీద గీత సరిగా కనపడదు, వత్తి గీస్తారు, ఆరాక అదే మందంగా తేలుతుంది.

తర్వాత మన ఒంగోలు గిత్తను ఎత్తుకోండి. పలకకు ఇంతకన్నా తగిన బొమ్మ లేదు. తెల్ల కాగితం మీద తెల్ల గిత్తను వేయడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం, నల్ల పలక మీద దాని తెలుపు దానంతటదే లేస్తుంది. మగవాటికి తల, మెడ, మూపురం మీద బూడిదరంగు నలుపు తిరుగుతుంది, అక్కడ బలపం తేలిగ్గా ఆనించండి. వెన్ను, పక్కటెముకల మీద గట్టిగా రుద్దండి. గంగడోలు, అంటే మెడ కింద వేలాడే చర్మం, మడతలను గీతలుగా గీస్తే తాళ్లు వేలాడినట్టుంటుంది. మడత అంచు తెల్లగా, లోపల నల్లగా ఉంటే చాలు.

చాలామంది తల, మూపురం ముచ్చటగా వేసేస్తారు, కాళ్లకు చోటు చాలదు. ముందు కొమ్ముల కొన, గిట్టల అడుగు, మూతి, తోక ఎక్కడ పడతాయో చుక్కలు పెట్టుకోండి. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, బలపంతో తల పొడవు కొలిచి, ఒంటికి ఎన్ని తలలు పడతాయో లెక్కపెట్టండి. మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది. ఫోటో చూసి వేసేటట్టయితే 15, 20 అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. దగ్గరనుంచి తీస్తే తల పెద్దదై ఒళ్లు కుంచించుకుపోతుంది. చదలవాడ పశుక్షేత్రం మీకు దగ్గరే, అనుమతి అడిగి ఒకసారి నిలబడి చూసి రండి.

ఇక మీ ఆవిడ సంగతి. ఇన్నేళ్లూ పగటిపూట ఇల్లు ఆమె చేతిలో ఉంది. మీరు వంటింట్లో తప్పులు ఎంచుతుంటే ఆ కాస్త చోటూ పోతుంది. ఆ 40 నిమిషాలు ఆమెవి కూడా. బొమ్మ ఎలా ఉందని మొదటి నెల అడగకండి. బాగుందంటే నమ్మలేరు, బాగాలేదంటే మానేస్తారు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇష్టమైనవేవీ రుచించకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

రంగుల ట్యూబుల మూతి తుడిచి, మూతలు బిగించి, ఎండ తగలని చోట పెట్టండి, ఎండిపోకుండా ఉంటాయి. పలక మీద గిత్త నాలుగు కాళ్ల మీద నిలబడ్డాక, నలుపూ తెలుపూ రెండు ట్యూబులే బయటికి తీయండి.