ముందు ఆ ఏటీఎం కార్డు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 34. ఖమ్మంలో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, జీతం 24 వేలు. దెబ్బలు భరించలేక రెండు నెలల కిందట ఏడేళ్ల పాపతో అమ్మ వాళ్లింటికి వచ్చేశాను. ఆయన వ్యాపారం కోసం నా పేరు మీద తీసిన పర్సనల్ లోన్ ఇంకా 2.2 లక్షలు ఉంది. 15 శాతం వడ్డీ, ఈఎంఐ 8,350. నా దగ్గర ఆరు తులాల బంగారం ఉంది. మరో ఎనిమిది తులాలు అత్తగారి బీరువాలో ఉండిపోయాయి. నా జీతం ఖాతా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంది. బంగారం అమ్మి అప్పు తీర్చేయమని అన్నయ్య అంటున్నాడు. పాప కోసం సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) కూడా మొదలుపెట్టనా?

జవాబు: మామూలుగా అయితే నేనూ మీ అన్నయ్య మాటే చెప్పేదాన్ని. 15 శాతం వడ్డీ కడుతూ బంగారం దాచుకోవడం లెక్క ప్రకారం నష్టమే. కానీ ఇవాళ మీ చేతిలో ఉన్నది ఆ ఆరు తులాలే. పాపకు ఒంట్లో బాగోకపోయినా, అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టాల్సి వచ్చినా గంటలో కుదువపెట్టి డబ్బు తెచ్చుకోవచ్చు. ఓ ఏడాది దాన్ని అమ్మే జోలికి వెళ్లకండి.

నన్ను కంగారుపెట్టింది ఆ ఏటీఎం కార్డు. ఈ రోజే బ్లాక్ చేయించండి. ఖాతా మీ ఒక్కరి పేరునే ఉంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్యాంకులో ఉన్న మొబైల్ నంబరు కూడా చూసుకోండి. మెసేజ్‌లు ఆయన ఫోన్‌కి వెళ్తుంటే, మీరు ఎక్కడ డబ్బు తీశారో కూడా ఆయనకు తెలిసిపోతుంది. తర్వాత వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, జీతం అందులో వేయమని ఆఫీసులో రాసివ్వండి. ఈఎంఐ పాత ఖాతా నుంచి కట్ అవుతుంటే, గడువుకు ముందు రోజు సరిగ్గా అంతే అందులో వేయండి. సంతకం మీది కాబట్టి డబ్బు ఎవరు వాడుకున్నారన్నది బ్యాంకుకు అనవసరం. కోర్టుకు మాత్రం అవసరం. లోన్ సొమ్ము ఆయన ఖాతాలోకి వెళ్లినట్టు చూపే స్టేట్‌మెంట్ తీసి దాచండి.

2005 నాటి గృహ హింస చట్టంలో కొట్టడమే కాదు, భార్య డబ్బు, నగలు పట్టుకుని ఇవ్వకపోవడం కూడా హింసే. స్త్రీధనం, అంటే మీకు పెట్టిన నగలు, డబ్బు తిరిగి ఇప్పించమని, నెలవారీ భరణం ఇప్పించమని మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. విడాకుల కేసు వేయనక్కర్లేదు. భరణాన్ని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఎటు వెళ్లాలో తెలియకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు.

చాలామంది మరిచిపోయేది పీఎఫ్. పెళ్లయ్యాక నామినీగా భర్త పేరు రాసి ఉంటారు. భర్తను కుటుంబం నుంచి మినహాయించాలని మహిళా ఉద్యోగి పీఎఫ్ కమిషనర్‌కు రాసిచ్చే వీలు ఆ స్కీములోనే ఉంది. అలా రాసిచ్చి పాపను నామినీగా పెట్టండి.

ఇక నెల లెక్క. ఈఎంఐ పోగా 15,650 మిగులుతుంది. అమ్మ వాళ్లింట్లో ఉన్నన్నాళ్లు అందులో 5 వేలు బ్యాంకు ఆర్డీలో (నెలనెలా వేసే రికరింగ్ డిపాజిట్) వేయండి. ఈఎంఐతో కలిపి నెలకు 19 వేల చొప్పున మూడు నెలల ఖర్చు, అంటే 57 వేలు, ఏడాదిలో పోగవుతుంది. అప్పుడు కావాలంటే రెండు తులాలు అమ్మి అప్పు కొంత తగ్గించుకోవచ్చు. ముందే కడితే చార్జీ ఎంతో బ్యాంకులో అడగండి. సిప్ ఆ తర్వాతే. ఈలోగా ఆ ఎనిమిది తులాల బిల్లులు అమ్మ దగ్గర ఉన్నాయేమో వెతికించండి. దొరక్కపోతే పెళ్లి ఆల్బమ్ తీయండి, నగలు ఒంటి మీద కనిపించే ఫొటోలు లాయరుకు పనికొస్తాయి.