కొండచరియల ఇళ్ల గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలోని మేసా వెర్డే మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆ మనుషుల మీద నీకున్న ఆపేక్ష ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ అక్కడి ఆదివాసులు, అంటే నేటి ప్యూబ్లో ప్రజల పూర్వీకులు, శత్రువుల భయంతోనే కొండచరియల్లో ఇళ్లు కట్టుకున్నారని మొదట్లోనే తేల్చేశావు. జవాబు అక్కడే ఇచ్చేశాక మిగతా పేజీలు ఎవరు చదువుతారమ్మా?

కాలం వైపు నుంచి చూడు. కొలరాడో నైరుతి మూలనున్న ఆ బల్లపరుపు కొండ మీద వాళ్లు సుమారు క్రీ.శ. 550 నుంచీ ఉన్నారు. మొదట నేలలోకి తవ్విన గుంత ఇళ్లు, తర్వాత రాతిగోడల ఊళ్లు, అన్నీ పైన చదునులోనే. చరియల్లోని పెద్ద కట్టడాలు మొదలైంది 1190ల చివర్లో. 1300 నాటికి అవీ ఖాళీ అయ్యాయి. ఆరు వందల ఏళ్లు పైన బతికినవాళ్లు అప్పుడే ఎందుకు దిగారు? నీ వ్యాసం అడగాల్సింది ఇదీ.

ఆ రాయిని చూడు. పైన ఇసుకరాయి, దాని కింద నీటిని దిగనివ్వని షేల్ పొర. వాననీరు, మంచునీరు ఇసుకరాయిలోకి ఇంకి, షేల్ దగ్గర ఆగి, పక్కకు ఊటగా వస్తాయి. ఆ నీరే చలికాలంలో గడ్డకట్టి రాతిని పెచ్చులుగా ఊడదీసి ఆ తొర్రలను చేసింది. అంటే ఇంటి చోటును తయారుచేసిందీ నీళ్లే, ఆ ఇంట్లో బిందె నింపిందీ నీళ్లే. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా లేదు.

తర్వాత ఎండ. దక్షిణానికో నైరుతికో తిరిగిన తొర్రలోకి చలికాలపు ఏటవాలు ఎండ లోపలిదాకా వస్తుంది. వేసవిలో నడినెత్తికెక్కిన సూర్యుణ్ణి పైకప్పు రాయి ఆపుతుంది. మంచు, వాన గోడల మీద పడవు. పైన మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండే నేలలో కాస్తయినా ఇంటికింద పోదు.

భయాన్ని పూర్తిగా కొట్టెయ్యమనడం లేదు. అదే ప్రాంతంలోని కాసిల్ రాక్ ఊరిలో 1280 ప్రాంతంలో మూకుమ్మడి హత్యలు జరిగాయని తవ్వకాలు చూపించాయి. కానీ మేసా వెర్డేలోని సుమారు ఆరు వందల చరియ కట్టడాల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి ఐదు గదులవే. నూట యాభై గదుల క్లిఫ్ ప్యాలెస్ ఒక్కదాన్నే చూస్తే అంతా కోటలాగే అనిపిస్తుంది. రాతిలో చెక్కిన కాలి గుంతలు శత్రువుకు కష్టమన్నావు. నిజమే, కానీ పొలానికి వెళ్లే ఇంటివాళ్లు రోజూ ఎక్కిందీ వాటి మీదనే. వాళ్ల రోజువారీ పని ఎలా సాగేదో రాస్తే, అప్పుడు భయం ఎంతో పాఠకుడే తూచుకుంటాడు.

కరువు విషయంలో తారుమారు చేశావు. చెట్ల వలయాలు చెప్పే మహా కరువు 1276 నుంచి 1299 దాకా. అప్పటికే చరియల్లో చాలా ఇళ్లు లేచాయి. కాబట్టి అది వాళ్లు ఎందుకు వెళ్లిపోయారో చెప్పడానికి పనికొస్తుంది కానీ, ఎందుకు దిగారో చెప్పదు.

చివర్లో వాళ్లు మాయమైపోయారని రాశావు. అది తప్పకుండా తీసెయ్యి. వాళ్లు దక్షిణానికి తరలిపోయారు. హోపీ, జూనీ, అకోమా, రియో గ్రాండే నది ఒడ్డు ఊళ్ల ప్రజలు వాళ్ల సంతానమే, ఇప్పటికీ ఉన్నారు. 1888లో వెథెరిల్, మేసన్ అనే పశువుల పెంపకందార్లు క్లిఫ్ ప్యాలెస్‌ను చూడకముందే ఆ కొండల యూట్ తెగ జనానికి దాని సంగతి తెలుసు. 1891లో స్వీడన్ పరిశోధకుడు నోర్డెన్‌షెల్డ్ తవ్వి తీసుకెళ్లిన అస్థికలు ఫిన్లాండ్ మ్యూజియంలో ఉండిపోయాయి. 2020లో ఇరవై మందివి తిరిగొచ్చాయి, వారసులైన తెగలు వాటిని మళ్లీ అదే నేలలో ఖననం చేశాయి. దీనికి ఒక పేరా ఇవ్వు. నువ్వు ఎవరి పెద్దల గురించి రాస్తున్నావో పాఠకుడికి తెలియాలి.

కివాల మీద, అంటే నేలలోకి తవ్విన ఆ గుండ్రటి పూజాగదుల మీద, రాసిన భాగం మాత్రం ముట్టుకోకు, చాలా బాగుంది. నీటి సంగతి ముందుకు తెచ్చి, మార్చిన ప్రతి పంపించు.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు