సేవల దిగుమతిని ఏ పద్దులో రాయాలి?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జాతీయాదాయ విభాగంలో సేవల దిగుమతుల పట్టిక నీకు అప్పగించారనీ, ఏది ఎక్కడ రాయాలో తేలడం లేదనీ రాశావు. ఉద్యోగకాలమంతా ఆ పట్టికలతోనే గడిపినవాడిని కనుక, నాకు తోచిన పద్ధతి చెబుతాను.

చెల్లింపు డాలర్లలో జరిగిందా, రూపాయల్లో జరిగిందా అన్నది పక్కన పెట్టు. అమ్మినవారు ఏ దేశ నివాసులో (అంటే పౌరసత్వం కాదు, ఆర్థిక వ్యవహారాలు ప్రధానంగా ఏ దేశంలో అన్నది), కొన్నవారు ఏ దేశ నివాసులో ముందు తేల్చుకో. విదేశీ కంపెనీ హైదరాబాదులో నెలకొల్పిన అనుబంధ సంస్థ లెక్కల దృష్టిలో మన దేశ నివాసే కాబట్టి, దాని దగ్గర కొన్న సేవ దిగుమతి కాదు. అది మాతృసంస్థకు పంపే డివిడెండు ప్రాథమిక ఆదాయం (జీతం, వడ్డీ, డివిడెండు వంటి రాబడి) పద్దుకు చెందుతుంది. అదే సేవకు ఐర్లండులోని సంస్థ బిల్లు వేస్తే అది నిస్సందేహంగా దిగుమతి.

అందరూ తడబడేది విద్యార్థుల దగ్గర. గుంటూరు నుంచి టెక్సాస్‌కు ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన కుర్రాణ్ణి ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం అవసరాలకు రిజర్వు బ్యాంకు 2003 నుంచి ప్రవాసిగానే పరిగణిస్తోంది. ఐక్యరాజ్యసమితి 2008 జాతీయ లెక్కల విధానమూ, విదేశీ చెల్లింపుల లెక్కలకు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ఇచ్చిన ఆరో మాన్యువలూ మాత్రం చదువు ఏడాది దాటినా అతడు స్వదేశ నివాసే అంటాయి. అందువల్ల అతడి ఫీజు, గది అద్దె, తిండి ఖర్చు అన్నీ ‘ప్రయాణాలు’ అనే పద్దులో సేవల దిగుమతిగా చేరాలి. అయితే డబ్బు పంపే తండ్రి బ్యాంకులో ఎ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ఇవ్వాల్సినది) నింపుతూ ‘విదేశీ విద్య’కు బదులు ‘కుటుంబ పోషణ’ అని రాస్తే, అదే సొమ్ము ద్వితీయ ఆదాయం (ప్రతిఫలం లేకుండా ఇచ్చే సొమ్ము) కింద బదిలీగా తేలుతుంది. ఫారంలోని కారణాన్ని బట్టి బ్యాంకు వేసే కోడ్ చూసి సరిపెట్టుకోవద్దని నేను చెప్పేది ఇందుకే. కుర్రాడు చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాక మాత్రం అమెరికా నివాసి అవుతాడు.

సాఫ్ట్‌వేర్‌లో చిక్కు వేరు. క్లౌడ్ చందా కంప్యూటర్ సేవ. ప్రోగ్రాము ప్రతులు తీసి అమ్ముకునే హక్కుకూ, బ్రాండు పేరు వాడుకున్నందుకూ కట్టేది మేధాసంపత్తి వినియోగ రుసుము. ఒప్పందం చదవకుండా ఇన్వాయిస్ శీర్షికను బట్టి నిర్ణయించకు. బీమాలో ప్రీమియం మొత్తం సేవ కాదు, అందులోని సేవా రుసుము భాగమే సేవ. సరకు రవాణా విషయానికొస్తే, కస్టమ్స్ విలువలో ఓడ కిరాయి కలిసే ఉంటుంది కనుక దాన్ని సరకుల్లోనూ, సేవల్లోనూ రెండుచోట్లా లెక్కించకుండా చూసుకో.

పద్దు కుదిరాక వాడకం చూడాలి. కంపెనీ నెలనెలా కట్టే క్లౌడ్ చందా మాధ్యమిక వినియోగం, అంటే ఉత్పత్తిలో ఖర్చయిపోయేది. ఏడాదికి మించి వాడుకునే సాఫ్ట్‌వేర్ లైసెన్సు స్థిర మూలధన కల్పన, అంటే పెట్టుబడి. విద్యార్థి ఖర్చు కుటుంబాల అంతిమ వినియోగం. ఆ ఖర్చును వినియోగంలో కలిపి, తర్వాత దిగుమతుల్లో తీసివేస్తాం కాబట్టి జీడీపీలో దానివల్ల పెరిగేదీ లేదు, తరిగేదీ లేదు. దిగుమతులు పెరిగి జీడీపీ తగ్గిందని పత్రికల్లో రాసేవారు ఆ మొదటి కూడికను మరిచిపోతారు.

జీఎస్టీ రివర్స్ ఛార్జి (అమ్మినవారికి బదులు కొన్నవారే పన్ను కట్టే పద్ధతి) కింద వచ్చే అంకెలను సరిపోల్చుకోవడానికి తెప్పించుకో. టెక్సాస్ హాస్టల్ అద్దె వాటిలో ఎప్పటికీ కనిపించదు కనుక, రెండు మొత్తాలూ కలవలేదని కంగారుపడకుండా తేడాకు కారణం రిమార్కుల గడిలో రాసిపెట్టు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న