టెక్ సందేహాలు: పడవలో ఎనిమిది మంది, ఒకటే బ్యాటరీ

డాలస్ నుంచి ఒక పాఠకుడు వివరంగా మెయిల్ పెట్టారు. ఫిబ్రవరిలో స్నేహితుల కుటుంబాలను వెంటబెట్టుకుని కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్‌కి వెళ్తున్నారట. అక్కడి టోర్టోలా దీవిలో తెరచాపల కాటమరాన్ (రెండు అడుగుభాగాలు జంటగా ఉండే పడవ) అద్దెకు తీసుకుని వారం పాటు దీవులు తిరుగుతారు. స్కిప్పర్, అంటే పడవ నడిపేది, ఆయనే. మిగతావాళ్లందరికీ పడవ కొత్త. ఆయన అడిగినవాటిలో ముఖ్యమైనవి ఇవి.

పిల్లల ఐప్యాడ్‌లో చార్టుల (సముద్రపు మ్యాపుల) యాప్ వేసుకుంటే దారి చూడటానికి సరిపోతుందా?

వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్ అయితే సరిపోదు. అందులో జీపీఎస్ చిప్ ఉండదు. ఇంట్లో మీరెక్కడున్నారో చూపించేది చుట్టుపక్కల వైఫైలను బట్టి. సముద్రంలో అవెక్కడివి? సెల్యులార్ మోడల్ అయితే సిమ్ లేకపోయినా పనిచేస్తుంది, మీ ఫోన్ కూడా అంతే. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు, అది లోతులు చూపించదు. నావియానిక్స్ లాంటి యాప్‌లో ఆ ప్రాంతం చార్టులు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని, డేటా ఆపేసి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

అక్కడి అనెగాడా దీవికి వెళ్లేటట్టయితే మాత్రం ఏ తెరనూ పూర్తిగా నమ్మకండి. అది పగడపు దీవి, సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా ఉండదు. బాగా దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. దాని పక్కన హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ మైళ్ల పొడవునా నీళ్లలో దాగి ఉంటుంది. ఎండ నడినెత్తికి వచ్చాక వెళ్లండి, నీళ్ల రంగు చూడటానికి ఒకరిని పడవ ముందు భాగంలో నిలబెట్టండి. నీలంగా ఉంటే లోతు, గోధుమరంగు అయితే పగడం.

రైస్ కుక్కర్, హెయిర్ డ్రయ్యర్ తెచ్చుకోవచ్చా అని అడుగుతున్నారు. ఎనిమిది ఫోన్ల చార్జింగ్ గురించి కూడా నాకు టెన్షన్‌గా ఉంది.

ఫోన్ల గురించి టెన్షన్ అక్కర్లేదు, కుక్కర్ గురించి పడండి. లెక్క చూద్దాం. పడవలో ఉండేది సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు. వాటిలో నిల్వ ఉండే కరెంటు మొత్తం 400 ఆంపియర్-అవర్లు అనుకుందాం. లెడ్-యాసిడ్ రకమైతే సగానికి మించి వాడకూడదు, అంటే మీ చేతిలో ఉన్నది 200. రాత్రంతా ఫ్రిజ్ తిరగాలి, లంగరు దీపం వెలగాలి. ఎనిమిది ఫోన్లూ ఫుల్ చార్జింగ్ పెడితే అయ్యేది సుమారు 10. అదే 700 వాట్ల కుక్కర్ అరగంట పెడితే 30 దాటుతుంది. 1500 వాట్ల డ్రయ్యర్‌ని ఇన్వర్టర్ మీద నడిపితే బ్యాటరీ నుంచి ఒక్కసారిగా 125 ఆంపియర్లకు పైనే లాగుతుంది. చాలా పడవల్లోని ఇన్వర్టర్ అంత తట్టుకోదు. జనరేటర్ ఉన్న పడవైతే వేరే సంగతి, ముందే కంపెనీని అడగండి. అన్నానికి ప్రెషర్ కుక్కరే మేలు. పడవలో గ్యాస్ పొయ్యి ఎలాగూ ఉంటుంది.

మీరు అడగలేదు గానీ ఇది చెప్పాలి. పాటల కోసం తెచ్చిన బ్లూటూత్ స్పీకర్‌ని ఎవరో ఒకరు చుక్కాని పక్కనే పెడతారు. దాని అయస్కాంతం కంపాస్‌ని పక్కకి లాగుతుంది. ఆటోపైలట్ సెన్సర్ దగ్గర్లో ఉంటే పడవ దిశే తప్పుతుంది, కారణం మాత్రం ఎవరికీ తట్టదు. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్లతోనూ ఇదే ఇబ్బంది. స్పీకర్ చోటు వెనక సోఫా దగ్గర అని మొదటిరోజే చెప్పేయండి.

అత్యవసరానికని శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) కొన్నాను. అది చాలుగా?

మంచి పనే చేశారు. కానీ నీళ్లలో పడింది మీరే అయితే? ఆ పరికరం మీ జేబులో ఉంటుంది, పడవ నడపడం మీ ఒక్కరికే తెలుసు. ఈ మెయిల్‌లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే. అతిథుల్లో కనీసం ఇద్దరికి బయల్దేరకముందే వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల మధ్య మాట్లాడుకునే రేడియో) వాడటం నేర్పండి. పావుగంట పని.

రేడియో మీద చిన్న మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే, జీపీఎస్‌కి కలిపి ఉన్న రేడియో మీ పడవ గుర్తింపునీ, ఉన్న చోటునీ తనంతట తనే పంపేస్తుంది. ఆ తర్వాత 16వ చానల్‌లో మాట్లాడాలి: మేడే (ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే పిలుపు) అని మూడుసార్లు, పడవ పేరు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది. ఈ వరస కాగితం మీద రాసి రేడియో పక్కన అతికించండి, కంగారులో ఏదీ గుర్తుండదు. పక్క పడవలూ ఆ చానల్ వింటుంటాయి, మీ దగ్గరికి ముందు వచ్చేది వాళ్లే కావచ్చు. అక్కడ VISAR (వర్జిన్ ఐలండ్స్ సెర్చ్ అండ్ రెస్క్యూ) అనే స్వచ్ఛంద రక్షణ దళం కూడా ఉంది. బటన్‌ని సరదాకి నొక్కకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఇంజిన్ ఎలా ఆపాలో, తెరచాప ఎలా దించాలో కూడా ఆ ఇద్దరి చేత ఒకసారి చేయించండి.

వేసవిలో హైదరాబాద్ వస్తున్నాం. ఆ మెసెంజర్ వెంట తేవచ్చా?

వద్దు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసెంజర్లు వెంట ఉంచుకోవడం నేరం. గోవా విమానాశ్రయంలో విదేశీ పర్యాటకుల మీద కేసులు కూడా పెట్టారు. డాలస్‌లోనే ఉంచి రండి.